సంపాతి రెక్కలు
2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన పిమ్మట జాలరిపేటలో మేము చూచినవారిలో ఏడ్చినవారికంటె ఏడ్వనివారే మమ్ము ఎక్కువ కలవరపరచిరి. ఒక వృద్ధుడు తన పడవ పోయిన సంగతిని పొరుగువాని కథవలె చెప్పెను. కొందరది ధైర్యమనిరి. కానేకాదు.

కిష్కింధాకాండలో సంపాతిని చూడుడు. తమ్ముడైన జటాయువును సూర్యతాపమునుండి కాపాడబోయి, రెక్కలు కాలి వింధ్యముపై పడెను. ఆరు రాత్రులు స్పృహ లేదు. స్పృహ వచ్చినను దిక్కులు తెలియలేదు. సముద్రమును, నదులను, అడవులను చూచుచు తానున్న చోటు మెల్లగా గుర్తించెను. రెక్కలు వెంటనే రాలేదు సుమా! వేలయేండ్ల తరువాత, వానరులకు సీత జాడ చెప్పిననాడు మొలిచినవి.

అంతదాక ఆ పక్షికి దిక్కెవరు? కుమారుడు సుపార్శ్వుడు. లెమ్మని తొందరపెట్టినట్లు వాల్మీకి ఎక్కడను చెప్పలేదు. వేళకు ఆహారము తెచ్చి పెట్టుచుండెను.