మరుగుజ్జు కత్తితోక చేప



చేపను తూకముతో లెక్కించుట లోకమునకు అలవాటు. కొర్రమీను, బొచ్చె, రాగండి యనగానే ధర యడుగుదురు. తూకమునకు రానివానిని చిత్తపరిగెలని ఒక్కమాటతో త్రోసివేయుదురు. నేటి ప్రసంగము అట్టి తూకమునకు రాని చేపను గూర్చినది. అది తెలుగుదేశపు చేపయు కాదు. మెక్సికో దేశమున రెండు చిన్న యేరుల పరీవాహకమున తప్ప లోకమున మరియెచ్చటను సహజముగా పుట్టదు. మగచేప పొడవు సాధారణముగా 3 సెంటీమీటర్లకు లోపు. అనగా బొటనవ్రేలి కణుపంత. శాస్త్రజ్ఞులు దానికి జిఫోఫోరస్ పిగ్మేయస్ అని పేరు పెట్టిరి. తెలుగున మరుగుజ్జు కత్తితోక చేప యనవచ్చును. అంత చిన్న ప్రాణిని గూర్చి సభలో చెప్పనేల యని యెవరికైన తోచినచో సమాధానమిది: ఆ చేప తన జాతిని తాను నిలుపుకొనుట చాలవరకు ఏటినీటి వాసనను బట్టి జరుగుచున్నది. నీరు చెడినచో, ఒక్క చేపయు చావకుండగనే జాతి మాయమగుట సంభవము.

కత్తితోక చేపలను పట్టణములలో చూచినవారు పలువురుందురు. రంగుచేపల అంగళ్ళలో గాజుతొట్టెలయందు ఎర్రగా మెరయుచు, తోక క్రిందిభాగము కత్తివలె వెనుకకు సాగియుండునవే యవి. అంగడివారు వానిని స్వోర్డ్‌టెయిల్ అందురు. ఆ కత్తి మగచేపకే యుండును. అది ఆయుధము కాదు. దానితో పొడుచుటయు లేదు, కోయుటయు లేదు. తోకరెక్కలోని క్రిందిపుల్లలు పొడవుగా పెరిగి యట్లు కనిపించును. ఆడుచేప కంటికి ఇంపుగా నుండుటయే దాని పని. ఇక అంగడిచేప యెరుపు మనుష్యుడు తెచ్చిపెట్టినది. కత్తితోకకును దాని దాయాదియైన ప్లేటీ చేపకును సంకరము చేసి పెంపకపువారు ఆ రంగులను సాధించిరి. ఏటిలోని కత్తితోక పసరువన్నె చేప. దాని ప్రక్కలపై ఎర్రని గీత మాత్రముండును. 1848లో వియన్నా నగరమున హెకెల్ అను శాస్త్రజ్ఞుడు ఈ చేపల వర్గమునకు పేరు పెట్టి, మెక్సికోనుండి నమూనాలు తెచ్చిన హెల్లర్ పేరును వానిలో నొకదానికి ఉంచెను. అంగడిచేపకు మూలమైనది అదియే.

ఈ చేపలు గ్రుడ్లు పెట్టవు. గ్రుడ్లు తల్లికడుపులోనే పెరిగి, పుట్టినక్షణమే ఈదగల పిల్లలు బయటికి వచ్చును. తెలుగువారికి ఈ కుటుంబము బొత్తిగా క్రొత్తది కాదు. దోమపిల్లలను తినుటకై గుంటలలోను నూతులలోను విడుచు గంబూసియా చేప దీనికి చుట్టమే. అది 1928లో ఇటలీ దేశమునుండి భారతదేశమునకు వచ్చినది. అయితే చుట్టరికమే కాని గుణములు వేరు. గంబూసియా ఎచ్చట విడిచిన నచ్చట బ్రతుకును. మురుగుగుంటయైనను దానికి సమ్మతమే. మరుగుజ్జు కత్తితోక తన యేరు విడిచి యెన్నడును పోలేదు.

ఆ యేరు ఎట్టిది? మెక్సికో తూర్పుప్రక్కన ఉత్తరదక్షిణములుగా తూర్పు సియెర్రా మాద్రె యను పర్వతపంక్తి కలదు. అది చాలవరకు సున్నపురాతి కొండ. కొండపై కురిసిన వాన రాతి పగుళ్ళలోనికి ఇంకి, లోపలి బిలములలో పారి, కొండ పాదమున ఊటలై పైకి వచ్చును. నల్లమల పాదమున మహానంది కోనేటి నీటిని చూచినవారికి అట్టి నీటి తేటదనము వేరుగా చెప్పనక్కరలేదు. సాన్ లూయిస్ పోతొసి రాష్ట్రమున ఇట్టి యూటనుండి పుట్టినది హుయిచిహుయాయాన్ అను ఏరు. పేరు పలుకుట నోటికి కష్టమే. ఆ సీమలోని తొలి ప్రజల భాషలనుండి వచ్చిన యిట్టి పేర్లు అచ్చట పెక్కు. ఈ యేటినీరు ఆష్ట్లా అను ఏటిలో చేరును. ఆష్ట్లా మోక్తెసూమా నదిలో, అది పానుకో నదిలో కలిసి, తుదకు మెక్సికో సింధుశాఖను చేరును. వాస్తెకా యనబడు ఆ సీమలో తేనెక్, నహువా జాతులవారు అనాదిగా కాపురమున్నారు. చెరకు, నారింజ, కొండవాలున కాఫీ అచ్చటి పంటలు. చేప కథలో ఈ పంటల మాట ఏల వచ్చినదో ముందు తెలియగలదు.

మరుగుజ్జు కత్తితోక ఏటి నడుమ కనిపించదు. వడిగల నీరు గట్టును అడుగున తొలిచివేయగా, పైన మన్ను చూరువలె వ్రేలాడుచుండు తావులుండును. అచ్చట చెట్ల వేళ్ళు నీటిలోనికి దిగియుండును. నీటిమొక్కలు దట్టముగా నల్లుకొనియుండును. ఆ వేళ్ళసందున, మొక్కలమరుగున, ప్రవాహపు తాకిడి తగ్గినచోట ఈ చేప నివసించును. కావున దీనికి కావలసినది ఏరు మాత్రమే కాదు, ఏటి గట్టును. గట్టు చదునుచేసి చెట్లు నరికిన యేటిలో నీరెంత పారినను ఈ చేపకు ఇల్లు లేనట్లే.

దీనిని లోకమునకు తెలిపినవారు కార్ల్ హబ్స్, మైరన్ గోర్డన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు. 1943లో దీనిని క్రొత్త జాతిగా ప్రకటించిరి. గోర్డన్ జీవితమంతయు ఈ చేపల పరిశోధనలోనే గడచినది. ప్లేటీ చేపకును కత్తితోకకును పుట్టిన సంకరసంతానమున కొన్నింటికి నల్లని పుట్టకురుపులు లేచుటను 1920ల చివర ఆయనయు, జర్మనీలో కోస్విగ్ మొదలగువారును గమనించిరి. అది మెలనోమా యను చర్మపు క్యాన్సరు. తల్లికి లేదు, తండ్రికి లేదు, సంకరమైన పిల్లకు వచ్చినది! క్యాన్సరు వంశపారంపర్యముతో ముడిపడియున్నదని చూపిన తొలి నిదర్శనములలో ఇది యొకటి. ఒకదానికొకటి అలవాటుపడిన జన్యువుల పొందిక సంకరమున చెదరుటయే దానికి కారణము. ఈ మాటయు జ్ఞాపకముంచుకొనదగినది.

ఈ వర్గపు మగచేపకు ఒక వింత లక్షణము కలదు. యుక్తవయస్సు రాగానే దాని పెరుగుదల దాదాపుగా నిలిచిపోవును. త్వరగా యుక్తవయస్సుకు వచ్చినది జీవితాంతము పొట్టిగానే యుండును. ఆలస్యముగా వచ్చినది పొడవగును. ఎప్పుడు రావలెనో తండ్రినుండి కొడుకునకు సంక్రమించు వై క్రోమోసోము నిర్ణయించును. చోయ్ అను మరియొక ఏటిలోని నైగ్రెన్సిస్ అను దాయాదిజాతిలో పొట్టి, నడిమి, పొడుగు మగచేపలు మూడును కలవు. ఆ భేదము వై క్రోమోసోముపై ఒకానొక జన్యువుయొక్క ప్రతులు హెచ్చుతగ్గులుగా నుండుటవలన కలుగుచున్నదని 2010లో తేలినది. పొడుగు మగచేప ఆడుచేప యెదుట రెక్కలు విప్పి, నాట్యమాడి మెప్పించును. పొట్టిది నాట్యమాడదు, వెంటబడి తరుమును. మరుగుజ్జు కత్తితోక జాతిలో ఇంచుమించుగా అందరును ఈ పొట్టి తెగవారే. నాట్యము పోయినది, కత్తియు పేరునకు మాత్రమే మిగిలి మొటిమవంటి కొనగా నున్నది. హుయిచిహుయాయాన్ ఏటిలో కొన్ని పొడుగు మగచేపలు కూడ కలవని 1995లో ప్రకటింపబడినది కాని, జాతిలో హెచ్చుపాలు పొట్టివే.

ఇచ్చటనే చిక్కు కలదు. మగవారు పొట్టివారైరి సరే, ఆడుచేపల అభిరుచి మారినదా? 1987లో రయాన్, వాగ్నర్ అను ఇరువురు పరిశోధకులు మరుగుజ్జు ఆడుచేపకు ఒకవైపు స్వజాతి మగచేపను, మరియొకవైపు నైగ్రెన్సిస్ జాతి పొడుగు మగచేపను చూపిరి. అది పొడుగుచేప వైపే మొగ్గినది. పొడవుపైనను నాట్యముపైనను మక్కువ జాతిలో నిలిచియున్నది. తీర్చుటకు స్వజాతిలో తగినవారు లేరు. ఇట్టిదే మరియొక విచిత్రము: కత్తి బొత్తిగా లేని ప్లేటీ జాతి మగచేపకు కృత్రిమముగా కత్తి నతికించిన, ఆ జాతి ఆడుచేప దానినే కోరినదని 1990లో బసోలో అను విదుషి నిరూపించెను. కోరిక ముందు, ఆభరణము తరువాత పుట్టినదన్నమాట. బంగారము దొరకకమునుపే నగలపై ఆశ యున్నట్లు!

కంటికి నచ్చినది పరజాతియైనచో, స్వజాతి చెదరకుండుట యెట్లు? నైగ్రెన్సిస్ వేరొక యేటిలో నున్నది కావున దానితో భయము లేదు. కాని మరుగుజ్జుతో సహవాసము చేయు కోర్తెజీ యను పెద్ద కత్తితోక జాతి యొకటి కలదు. అయినను రెండును ఒకటి కాలేదు. 1990లో వెలువడిన పరిశోధన ఈ ముడిని కొంత విప్పినది. మగచేపలను చూపక, అవి యున్న తొట్టెలనుండి నీటిని మాత్రము వదలినప్పుడు, మరుగుజ్జు ఆడుచేప స్వజాతి వాసన గల నీటివైపే పోయినది. కన్ను పరజాతి నెన్నుకొనగా ముక్కు స్వజాతి నెన్నుకొన్నది. 2003లో ప్రకటితమైన మరియొక పరిశోధన కోర్తెజీ విషయమున ఇట్లే చెప్పినది: ఆ జాతి ఒంటిపై నిలువుచారలుండును, మరుగుజ్జునకు లేవు, ఆడుచేప ఆ చారలను వాసనను రెంటిని కలిపి చూచుకొని పెద్దచేపను విడిచిపెట్టును. చారలు కనిపించుటకు నీరు తేటగా నుండవలెను. వాసన అందుటకు నీరు స్వచ్ఛముగా నుండవలెను. రెండు కాపులును నీటిలోనే కలవు.

నీరు చెడిన నేమగునో చూచుటకు అదే పర్వతపంక్తిలో కొంత దక్షిణముగా, హిదాల్గో రాష్ట్రమునకు పోవలెను. అచ్చట కల్నాలి యను ఏరు కలదు. దాని ఎగువ చల్లనినీట మాలించె యను కత్తితోక జాతియు, దిగువ వెచ్చనినీట బిర్క్‌మాని యను జాతియు నుండును. నడుమ సంకరములు విస్తారముగా కనిపించెను. బిర్క్‌మాని ఆడుచేపలు స్వచ్ఛమైన నీటిలో స్వజాతి వాసనను తప్పక గుర్తించినవి. ఊరిమురుగును పొలాలనుండి దిగిన నీరును కలిసిన యేటినీట గుర్తింపలేకపోయినవి. 2006లో ఫిషర్, వాంగ్, రోసెంథల్ అనువారు ప్రకటించిన సంగతి యిది. వారు అనుమానించిన పదార్థము విషము కాదు; కుళ్ళిన ఆకులలములనుండి సహజముగా పుట్టు హ్యూమిక్ ఆమ్లము. ప్రతి యేటిలోను కొంత యుండును. మురుగు, పొలపు ఎరువు కలిసినప్పుడు అది హెచ్చును. పరిశోధనాగారమున ఆ ఆమ్లమును మాత్రమే హెచ్చుగా కలిపి చూచినను ఆడుచేప తన జాతిని పోల్చుకొనలేకపోయినది.

సంకరమైన నేమి, చేపలే కదా యనువారు కలరు. గోర్డన్ తొట్టెలలో చూచినదే ఇచ్చట సంభవించినది. ఈ రెండు జాతుల సంకరములలో కొన్నింటికి తోకవద్ద మెలనోమా వచ్చుటను, దానికి కారకమైన జన్యువుల పొందికలేమిని 2020లో పరిశోధకులు వెల్లడించిరి. ఏటి యొడ్డున నిలిచి చూచువానికి మాత్రము ఇదేమియు తెలియదు. చచ్చిన చేపలు తేలవు, దుర్వాసన లేదు, వలవేసిన చేపలు మునుపటి యన్నియే పడును. లెక్కకు తగ్గని నష్టమును పట్టించుకొను అధికారి ఏ దేశమందైనను అరుదు.

మాలించె, బిర్క్‌మాని జాతులకు కల్నాలి కాక వేరు ఏరులు కూడ కలవు. మరుగుజ్జునకు అట్టి వెసులుబాటు తక్కువ. హుయిచిహుయాయాన్, ఆష్ట్లా యేరులు, వాని కలయికలు, గట్టులు: దాని ప్రపంచమంతయు ఇంతే. ఆ గట్టులవెంటనే ఊళ్ళు, పొలములు కలవు; ఎగువనుండి దిగు ప్రతి కాలువయు ఏటిలోనికే చేరును.

మెక్సికో ఉత్తరమున మాంటెర్రే నగర పరిసరములందు ఈ వర్గమునకే చెందిన కూచియానస్ అను చిన్న ప్లేటీ జాతి యుండెడిది. నగరము పెరిగి భూగర్భజలమును తోడివేయగా దాని యూటలు ఎండిపోయినవి. ఆ జాతి సంతతి నేడు ప్రధానముగా గాజుతొట్టెలలో మిగిలినది. గోర్డన్ నెలకొల్పిన చేపల భాండారము 1990లలో న్యూయార్కు ప్రాంతమును విడిచి టెక్సాస్ రాష్ట్రమున సాన్ మార్కోస్ పట్టణమునకు చేరినది. ఈ వర్గపు జాతులలో పెక్కింటిని అచ్చట తరతరములుగా పోషించుచున్నారు. తొట్టెలో వేళ తప్పక మేత వచ్చును. వరద లేదు, తొలిచిన గట్టు లేదు. ఆడుచేప యెదుట స్వజాతి మగచేప తప్ప మరియొకటి యుండదు కావున, వాసన చూచి యెన్నుకొనవలసిన పనియు లేదు. ఆ పని హుయిచిహుయాయాన్ గట్టుక్రింద, వేళ్ళమరుగున, ఇంకను ప్రతిదినము జరుగుచున్నది.