తప్పొప్పుల పట్టిక

అమరకోశమున విద్వాంసునకు గల పర్యాయపదములలో ‘దోషజ్ఞుడు’ అనునది యొకటి. దోషము నెరిగినవాడే పండితుడని పూర్వుల యభిప్రాయము. తప్పు పట్టువాడనిన లోకమునకు సాధారణముగా రుచింపదు. అయినను తప్పు నెరుగనివాడు ఒప్పును కాపాడజాలడు. ఈ సత్యమును నేటి కాలమున శ్రద్ధతో ఆచరించుచున్నవారిలో, కంప్యూటర్లకు వలయు సాఫ్టువేరును పదుగురు కూడి వ్రాసి, దాని మూలపాఠమును దాపరికము లేక లోకమునకు ఒసగుచున్న ఓపెన్ సోర్సు బృందములవారు ముఖ్యులు. వారు తమ రచనలయందలి తప్పులను ఎట్లు వినుచున్నారు, ఎట్లు లెక్క వ్రాసికొనుచున్నారు, ఎట్లు దిద్దుకొనుచున్నారు అనునదియే నేటి ప్రసంగవిషయము.

సాఫ్టువేరు అనగా యంత్రము చేయవలసిన పనిని వరుసగా నిర్దేశించు ఆజ్ఞల సముదాయము. లక్షలకొలది పంక్తులు గల ఆ రచనలో ఎక్కడనో యొక పంక్తి తప్పినను యంత్రము వక్రముగా ప్రవర్తించును. ఇట్టి దోషమును ఆంగ్లమున ‘బగ్గు’ అందురు, పురుగని యర్థము. యంత్రదోషమునకు ఈ పేరు ఎడిసను కాలమునాటికే కలదు. 1947 సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ‘మార్కు 2’ అను గణనయంత్రములో నిజముగనే యొక రెక్కలపురుగు చిక్కియుండెను. అచటివారు దానిని పారవేయక, యంత్రపు దినచర్యపుస్తకములో అంటించి, వేళతో సహా వ్రాసియుంచిరి. ఆ పుట నేటికిని స్మిత్సోనియను సంస్థవారి వస్తుసంగ్రహమున భద్రముగా నున్నది. పురుగును తీసివేయుట యొక పని. అది దొరకిన చోటును వేళను వ్రాసియుంచుట మరియొక పని. రెండవది లేనిచో మొదటిదానిని మరల మరల చేయవలసివచ్చును.

ఉదాహరణమునకు ‘డెబియన్’ అను ప్రఖ్యాతమైన సాఫ్టువేరు సముదాయమును తీసికొందము. 1993లో ఆరంభింపబడిన ఈ కార్యమును నానాదేశములయందలి స్వచ్ఛందసేవకులు నడుపుచున్నారు. కంప్యూటరును కదలించు మూలవ్యవస్థ మొదలు లేఖనము, గణితము, సంగీతము వరకు వేలకొలది పనిముట్లు ఇందు చేరియున్నవి. పోతన 2000, వేమన 2000 అను పేర్లు గల మన తెలుగు అక్షరరూపములును ఇందున్నవి. ఇంతటి సముదాయమున తప్పులు లేకుండుట అసంభవము. కావున 1994లో ఇయాన్ జాక్సన్ అను నాతడు తప్పుల పట్టికను నిర్వహించుటకై యొక సాధనమును రచించెను. 1997లో ఆ సంఘమువారు తమ ఒడంబడికపత్రమును ప్రకటించుచు, తమ లోపములను దాచబోమనియు, తప్పుల పట్టికను ఎల్లవేళల ఎల్లవారును చూచునట్లు తెరచియుంచెదమనియు మాట యిచ్చిరి. ఏ వర్తకుడు తన సరకునందలి లోపముల జాబితాను అంగడి గుమ్మమునకు వ్రేలగట్టును? వీరు గట్టిరి.

ఆ పట్టిక నడచు విధము సులభమైనది. తప్పును కనుగొన్నవాడు ఈమెయిలు ద్వారమున ఒక లేఖ వ్రాయును. అందు ఏ పనిముట్టు, దాని ఎన్నవ కూర్పు అనునవి మొదట తెలుపవలెను. లేఖ చేరగనే దానికొక సంఖ్య ఏర్పడును. న్యాయస్థానమున వ్యాజ్యమునకు సంఖ్య యిచ్చినట్లే, అటుపిమ్మట ఆ విషయమై ఎవరేమి వ్రాసినను ఆ సంఖ్య క్రిందనే చేరును. దోషముయొక్క తీవ్రతను బట్టి ఏడు తరగతులు కలవు. అన్నింటిని చెరచునట్టి మహాదోషము మొదటిది. ‘ఇట్లుండిన బాగుండును’ అను కేవలమైన కోరిక కడపటిది. మొదటి మూడు తరగతులలోని దోషము గల పనిముట్టు, అది దిద్దబడిననే గాని, సాధారణముగా నూతనమైన కూర్పునందు చేర్పబడదు. దోషము తీరిన పిమ్మట ఆ వ్యవహారము మూయబడును. తీరలేదని తేలినచో మరల తెరవబడును. మన అచ్చుపుస్తకముల చివర తప్పొప్పుల పట్టిక యుండును గదా. అది గ్రంథకర్త తాను చూచిన తప్పులతో ముగియును. ఈ పట్టికయో చదువరులందరు కలసి వ్రాయునది. గ్రంథము జీవించియున్నంతకాలము పెరుగునది.

ఇక తప్పును తెలుపుట యెట్లు? ‘పని చేయుటలేదు’ అనుట తెలుపుట గాదు. అది నిట్టూర్పు మాత్రమే. వైద్యునియొద్దకు పోయి ‘బాగుగ లేదు’ అని యూరకున్నవానికి ఆతడేమి మందీయగలడు? నేనేమి చేసితిని, ఏమి జరుగునని తలచితిని, ఏమి జరిగినది అను మూడింటిని వరుసగా చెప్పవలెను. యంత్రము చూపిన వాక్యమును తన మాటలలో చెప్పక, ఉన్నదున్నట్లు ఎత్తి వ్రాయవలెను. ఒక లేఖలో ఒక తప్పునే చెప్పవలెను. అంతకుముందే మరియొకడు చెప్పియుండెనేమో పట్టికను చూడవలెను. ముఖ్యముగా, చదువువాడు తన యంత్రమునందు ఆ తప్పును మరల పుట్టించి కన్నులార చూడగలుగవలెను. తాను చూడలేని తప్పును ఎంతటివాడును దిద్దలేడు.

దీనికి మన భాషకు సంబంధించిన నిదర్శన మొకటి కలదు. అది ఓపెన్ సోర్సు రచన కాకపోయినను పాఠము మాత్రము ఒక్కటియే. 2018 ఫిబ్రవరిలో, ఆపిల్ సంస్థవారి ఐఫోనులకు తెలుగక్షర మొకటి వచ్చినంతమాత్రమున, దానిని చూపబోయిన పనిముట్టు కూలిపోవుచున్నదని లోకమంతట వార్త వ్యాపించెను. ఆ యక్షరము ‘జ్ఞా’! జ్ఞానమునకు మొదటి యక్షరమే యంత్రమును మూర్ఛిల్లజేసెనని పలువురు పరిహసించిరి. కాని తెలుగక్షరము చెడ్డదనుట నిజము గాదు. సామాన్యమైన ‘జ్ఞా’ వలన ఏ హానియు లేదు. జకారము, పొల్లు, ఞకారము, వాని పిదప కంటికి కనబడని యొక విభాజకచిహ్నము, దానిపై ఆకారపు గుర్తు — ఈ యైదును ఆ క్రమముననే చేరినప్పుడు మాత్రమే దోషము పుట్టెను. మరికొన్ని భారతీయలిపులలోను ఇట్టి కూడికలు బయల్పడినవి. అదే నెల 19వ తేదీన దిద్దబడిన కూర్పు వెలువడెను. ‘తెలుగు వ్రాసిన ఫోను చెడును’ అనునది వదంతి. ఆ యైదు గుర్తుల క్రమమును చెప్పుటయే నివేదనము. ఈ రెంటికిని గల యంతరమే నిందకుని, దోషజ్ఞుని వేరుచేయునది.

చెప్పువానికి ఇన్ని నియమములుండగా, దిద్దువానికి లేవా? ఉన్నవి. అతడు వేతనము లేక, తన తీరిక వేళను వెచ్చించి పనిచేయువాడు కావచ్చును. అయినను వచ్చిన లేఖను మ్రింగివేయుటకు వీలులేదు. వివరములు చాలకున్న ఇంకను కోరవచ్చును. తన యంత్రమున ఆ తప్పు పుట్టకున్న ఆ మాట వ్రాయవచ్చును. దిద్దను అనియు చెప్పవచ్చును. కాని ఆ ‘దిద్దను’ అను మాటయు పట్టికలో నిలిచి, లోకము చూచును. కారణము లేని నిరాకరణము అందరి కన్నుల యెదుట నిలువనేరదు.

తప్పు దిద్దుటయందును అపాయము కలదు. పాతతాటాకుల గ్రంథములను పరిష్కరించువారు దీని నెరుగుదురు. ప్రాచీనరూపమును లేఖకప్రమాదమని భ్రమించి, దానిని తీసివేసి, ఉన్న గ్రంథమును చెరచిన పరిష్కర్తలు లేకపోలేదు. డెబియన్ చరిత్రమునను ఇట్టిదే జరిగినది. ‘ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్’ అనునది ఇంటర్నెట్టునందు రహస్యముగా మాటలాడుకొనుటకు వలయు గూఢలిపి సాధనము. దానిలోని పంక్తులను గూర్చి యొక పరీక్షాసాధనము ఆక్షేపణ చెప్పుచున్నదని 2006లో పట్టికకు నివేదనము వచ్చెను. దానిని నిర్వహించువారు మూలకర్తల చర్చాగోష్ఠిని విచారించి, ఆక్షేపణము తొలగునట్లు రెండు పంక్తులను పనిచేయకుండ జేసిరి. అందొకటి యాదృచ్ఛికసంఖ్యలకు బీజము నందించు పంక్తి. అది పోగా, ఊహింపరాని రహస్యపు తాళపుచెవులు పుట్టవలసిన చోట, ఒక్కొక్క తరగతియందు 32,768కి మించని తాళపుచెవులు మాత్రమే పుట్టసాగెను. అన్నింటిని వరుసగా త్రిప్పి చూచిన ఏ దొంగయైనను తలుపు తీయగలడు. రమారమి రెండేండ్లు ఎవరికిని తెలియలేదు. తుదకు ఆ సంఘపు సభ్యుడే యొకడు కనిపెట్టగా, 2008 మే 13వ తేదీన డెబియన్‌వారే దానిని లోకమునకు ప్రకటించి, తాళపుచెవులను మార్చుకొనుడని హెచ్చరించిరి.

బహిరంగమైన పట్టిక యుండియు ఇట్లు జరిగినదే యని యడుగవచ్చును. పట్టిక తప్పును ఆపునది గాదు, అడుగుజాడలను నిలుపునది. ఏ లేఖ వచ్చినది, ఎవరేమి యడిగిరి, ఎవరేమి బదులు చెప్పిరి, ఏ పంక్తి ఏ దినమున మారినది — ఇవి యన్నియు ఎల్లరకును కనబడుచుండుటచేతనే ఆ దోషము ఎట్లు పుట్టినదో సాంతముగా తెలిసినది. తెలిసినందుననే ఇతరులకును గుణపాఠమైనది. దాచినచోట తప్పు పోవును గాని తప్పువలన కలుగవలసిన తెలివియు దానితోనే పోవును. దొంగలకు ఉపకరించునట్టి దోషములను మాత్రము, మందు సిద్ధమగువరకు భద్రతాధికారులకే చెప్పి, పిదప ప్రకటించు వాడుకయు కలదు. అది దాపరికము గాదు, కొంతకాలపు ఓర్పు.

డెబియన్ పట్టికలో సంఖ్యలు పది లక్షలను దాటినవి. ఇన్ని తప్పులా యని బెదరువారు ఒకటి గమనింపవలెను. తప్పులు చూపబడని గ్రంథము నిర్దుష్టమైనది గాదు, చదువబడనిది.

శ్రోతలారా, తెలుగువారికి ఇందు విధి యొకటి కలదు. దేశాంతరమున కూర్చుండి అక్షరరూపములను నడుపు సాఫ్టువేరు వ్రాయువానికి తెలుగు రాకపోవచ్చును. క్రావడి తన హల్లును విడిచి తొలగియున్నను, వత్తు ప్రక్క యక్షరముపై బడియున్నను, అకారాదిక్రమమున పదములు తారుమారైనను, అవి తప్పులని వానికెట్లు తెలియును? వాని విద్య ఎంత గొప్పదైనను ఈ దోషమును చూడగల కన్ను మనదే. మనము విసుగుకొని యూరకుందుమేని ఆ తప్పు మన మనుమలకును సంక్రమించును. మనము ఒక లేఖ వ్రాయుదుమేని ఆ సవరణము ఆ రచనను వాడు ఎల్లవారికిని, ఏ మూల్యమును లేక, చేరును. ఇందుకు యంత్రవిద్య యక్కరలేదు. సరియైన రూపమిది, కనబడుచున్న రూపమిది యని చూపగల అక్షరజ్ఞానము చాలును. చెప్పినదానికి ప్రశ్న వచ్చినప్పుడు బదులు చెప్పు ఓపిక చాలును. దోషజ్ఞుడను బిరుదు కోశములయందు పండితునకు కలదు. దానిని నేడు ప్రతి తెలుగు చదువరియు సార్థకము చేసికొనవచ్చును.