మూడు కౌంటీలు, ఒకే జాబితా

ఇల్లు లేని మనిషికి పొలిమేర పట్టదు. పగలు అన్నం పెట్టే చోటు ఒకటి, రాత్రి ఎవరూ లేపి తరమని చోటు మరొకటి. ఆ రెంటి మధ్య ఏ మునిసిపాలిటీ అయిపోయి ఏది మొదలైందో అతనికి అనవసరం. పొలిమేరలన్నీ ఆఫీసులకే. ఈ ఉపన్యాసం అమెరికాలోని హ్యూస్టన్ చుట్టూ తిరగడానికి కారణం అదే. అక్కడి ఆఫీసులు కొన్ని తమ పొలిమేరలు దాటి ఒక బల్ల చుట్టూ కూర్చున్నాయి.

అమెరికాలో ఏటా జనవరి నెలాఖరున ఒక రాత్రిని ఎంచుకుని, ఆ రాత్రి వీధుల్లో, షెల్టర్లలో ఉన్నవాళ్లను లెక్కపెడతారు. 2011లో హ్యూస్టన్ ప్రాంతంలో ఆ లెక్క ఎనిమిది వేలు దాటింది. దయ తక్కువై కాదు. చర్చిలు అన్నం పెట్టేవి, స్వచ్ఛంద సంస్థలు మంచాలు ఇచ్చేవి, ప్రభుత్వ శాఖలు కొన్ని ఇళ్లకు అద్దె సాయం చేసేవి. కానీ ఎవరి ఫారం వాళ్లది, ఎవరి వరస వాళ్లది. ఇల్లులేని మాజీ సైనికుడు పేవ్‌మెంటు మీద నుంచి సొంత తాళంచెవి దాకా రావాలంటే 76 మెట్లు ఎక్కాలని, 720 రోజులు పడుతోందని ఆనాటి పరిశీలనలో తేలింది. దాదాపు రెండేళ్లు! గుర్తింపు కార్డు, డిశ్చార్జి కాగితం, పెన్షను పత్రం అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఆరుబయట పడుకునే మనిషికి ఒక్క వాన చాలు, కథ మళ్లీ మొదటికి వస్తుంది.

2012లో, అనీస్ పార్కర్ మేయరుగా ఉండగా, ‘ది వే హోమ్’ పేరుతో ఉమ్మడి ప్రయత్నం మొదలైంది. హ్యూస్టన్ నగరం, హారిస్ కౌంటీ, ఫోర్ట్ బెండ్ కౌంటీ, గృహవసతి సంస్థలు, మాజీ సైనికుల శాఖ, స్వచ్ఛంద సంస్థలు చేరాయి. తర్వాత మాంట్‌గొమరీ కౌంటీ కూడా కలిసింది. భాగస్వాములు నూరు దాటారు. వాళ్లు చేసిన పని వినడానికి చిన్నది: అందరికీ కలిపి ఒకే జాబితా, ఒకే ప్రశ్నావళి. మనిషి ఏ సంస్థ తలుపు తట్టినా అదే జాబితాలోకి ఎక్కుతాడు. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లు, వీధిలో ఎక్కువకాలం గడిపినవాళ్లు ముందు. తాగుడు మానాలి, ఉద్యోగం వెతుక్కోవాలి అనే షరతులు లేకుండా ముందు ఇల్లు, తర్వాత వైద్యం, పని.

చెప్పినంత తేలిక కాదు ఇది. ఏళ్ల తరబడి తన చేతులతో నడిపిన షెల్టరుకు వచ్చే డబ్బును శాశ్వత ఇళ్లకు మళ్లించడానికి ఒక సంస్థ ఒప్పుకోవాలి. ‘మేం చేశాం’ అని చెప్పుకునే హక్కు వదులుకోవాలి. హ్యూస్టన్ సాధించినదాంట్లో పెద్దది ఆ ఒప్పుకోలే.

తెలుగు కుటుంబాలు చాలా స్థిరపడిన షుగర్ ల్యాండ్ ఈ ఫోర్ట్ బెండ్‌లోనే ఉంది. చక్కటి పచ్చికలున్న ఆ శివారు కూడా జాబితాలో భాగమే. నగరం నడిబొడ్డున కనిపించే బాధ నగరానిదే అని శివార్లు తప్పుకోలేదు.

పదేళ్లలో పాతిక వేలమందికి పైగా ఇళ్లలోకి చేరారు, జనవరి రాత్రి లెక్క అరవై శాతానికి పైగా తగ్గింది. మధ్యలో 2017 ఆగస్టులో హార్వే తుఫాను వచ్చింది. ఇళ్లు మునిగి కొత్తగా కొందరు రోడ్డున పడ్డారు, మరుసటి ఏటి అంకె పైకి లేచింది. 2020లో కొవిడ్ వచ్చినప్పుడు మాత్రం నగరం, హారిస్ కౌంటీ వేరువేరుగా పరుగెత్తలేదు. ఇల్లు లేనివాళ్లకోసం కలిసి 6.5 కోట్ల డాలర్ల కార్యక్రమం మొదలుపెట్టాయి. కలిసి పనిచేసిన అలవాటు అప్పటికే ఉంది.

హ్యూస్టన్‌కు ఒక అనుకూలత ఉందని దాచకూడదు. స్థల వినియోగానికి జోనింగ్ చట్టం లేని నగరం అది. కొత్త ఇళ్లు కట్టడం తేలిక, అద్దెలు కాలిఫోర్నియా నగరాలంత మండవు. జాబితా ఎంత చక్కగా ఉన్నా ఖాళీ ఇల్లు లేకపోతే దాంతో ఏం చేస్తారు? పైగా కొవిడ్ నాటి కేంద్ర నిధులు ఎప్పటికీ వచ్చేవి కావు. అందుకే నివారణ మాట కూడా చెప్పుకోవాలి. నెల అద్దె కట్టలేక ఖాళీ చేయబోతున్న కుటుంబాన్ని ఆ గదిలోనే నిలబెట్టడం, వీధిన పడ్డాక మళ్లీ ఇంట్లోకి తేవడంకంటే చాలా చవక. పిల్లల బడి మారదు, పెద్దల పనీ పోదు.

మన దేశంలో 2011 జనగణన 17.7 లక్షలమందిని ఇళ్లులేనివారిగా లెక్కించింది. పట్టణాల్లో లక్ష జనాభాకు ఒక ఆశ్రయ కేంద్రం ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద వాటికి ఒక పథకమూ వచ్చింది. అయితే కేంద్రాలను నడిపించే బాధ్యత ఏ పట్టణానిది ఆ పట్టణానిదే. సికింద్రాబాద్ స్టేషన్ బయట పడుకున్న మనిషి పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో వచ్చి ఉండవచ్చు. ఊళ్లో పని లేక బస్సెక్కి ఉండవచ్చు, పెద్దాసుపత్రిలో తనవాళ్లను చేర్చి డబ్బైపోయి ఆగిపోయి ఉండవచ్చు. నగరం అతనికి ఒక దుప్పటి ఇవ్వగలదు. అతను బయలుదేరిన ఊరితో మాట్లాడే ఏర్పాటు కూడా కావాలి.

ఆ ఏర్పాటుకు కొత్త చట్టం అక్కరలేదు. ముందుగా రైల్వే స్టేషను, పెద్దాసుపత్రి, నగరపాలక సంస్థ, మనుషులను పంపుతున్న రెండు మూడు జిల్లాలు కలిసి నెలకోసారి కూర్చుంటే చాలు. బల్ల మీద ఉండవలసింది ఒక్క కాగితం: పేర్లు, వయసు, సొంత ఊరు, ఎన్నాళ్లుగా బయట ఉన్నారన్న లెక్క.