తటాకము – మన పూర్తధర్మము



తటాకనిర్మాణమును సప్తసంతానములలో నొకటిగా మన పెద్దలు గణించిరి. నేఁడు చెఱువులు పూడిపోవఁగా, వానలు తప్పిన యేఁటనెల్ల గొట్టపుబావులను మఱింత లోతునకు దింపుచున్నాము. నల్లగొండ, అనంతపురము జిల్లాలలోఁ బెక్కుచోట్ల రాతిపొరలలోని ఫ్లోరైడు ఆ నీటఁ గలియుచున్నది. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని చిరకాలము త్రావినచోఁ బిల్లల పండ్లు గారపట్టును. మిక్కిలి హెచ్చైనచో నెముకలు వంగును. కాఁచినను ఆ దోషము పోదు. పటిక, సున్నము వేసి తేర్చు నల్లగొండ పద్ధతి కలదు గాని, ఇంటింట నిత్యము సాగుట కష్టము. చెఱువు నిండినచో బావులలో నూట పెరిగి, ఆ దోషము తఱచు పలుచనగును.

వదాన్యులారా! ముందుగా మీ యూరి నీటిని పరీక్ష చేయింపుఁడు. వచ్చు మహాసభకు విందు తగ్గించి, ఆ ధనముతో నొక చెఱువు పూడిక తీయింపుఁడు. ఆ నీరు మనవారికే యని గీఁత గీయకుఁడు. దాహమునకుఁ గులము లేదు.

స్వస్తి.