పాడేది మనం, పద్దు వాళ్లది
(పాటగాళ్ల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మీకు ఇంగ్లండు పాటగాళ్ల సంగతి చెప్తాను. మనకు బోలెడు పాటలుండగా తెల్లోళ్ల పాటలు ఎందుకయ్యా అని మీరు అడగొచ్చు. అడగాల్సిందే. వాళ్ల బాణీ నేర్చుకోమని చెప్పడానికి నేను రాలేదు. వాళ్ల పాటల చుట్టూ ఒక పద్దు పుస్తకం నడిచింది. ఆ పద్దు మన పాలేళ్లకు కొత్తది కాదు. మన పాటగాళ్లు మాత్రం ఇంకా తెలుసుకోవాల్సే ఉంది. అందుకే చెప్తున్నాను.

ఆ బృందం పేరు గ్యాంగ్ ఆఫ్ ఫోర్. అంటే నలుగురి ముఠా. 1976లో చైనాలో అరెస్టయిన నలుగురు నాయకులను లోకమంతా పిలిచిన పేరది. వీళ్లు దాన్ని ఎగతాళిగా తగిలించుకున్నారు. ఉత్తర ఇంగ్లండులో లీడ్స్ అనే ఊరుంది. ఒకప్పుడు ఉన్ని మిల్లులకు, బట్టల కర్మాగారాలకు పేరుపడ్డ ఊరు. అక్కడి యూనివర్సిటీ కుర్రాళ్ల చుట్టూ 1976-77 కాలంలో ఈ బృందం తయారైంది. జాన్ కింగ్ పాడేవాడు. ఆండీ గిల్ గిటారు. డేవ్ అలెన్ బేస్ గిటారు. హ్యూగో బర్న్‌హామ్ డ్రమ్ములు.

అప్పటి ఇంగ్లండు ఎట్లా ఉంది? కుర్రాళ్లకు పనుల్లేవు. నల్లవాళ్లను, మన దేశం నుంచి, పాకిస్తాన్ నుంచి పోయిన వాళ్లను తరిమెయ్యాలని నేషనల్ ఫ్రంట్ అనే పార్టీ వీధుల్లో ఊరేగుతోంది. దానికి ఎదురుగా 1976లో రాక్ ఎగైనెస్ట్ రేసిజం అనే ఉద్యమం మొదలైంది. అంటే జాతి ద్వేషానికి ఎదురు పాట. పంక్ అనే మొరటు పాట కూడా అప్పుడే వచ్చింది. సంగీతం నేర్వనోడు కూడా గిటారు పట్టొచ్చని ఆ పాట చెప్పింది. దాని వెనకే వచ్చి, ఆ కోపానికి ఆలోచన జోడించిన వాళ్లను పోస్ట్ పంక్ అన్నారు. వాళ్లలో ముందు వరసలో ఉన్నవాళ్లు ఈ నలుగురు. ఎదురు పాట సభల్లోనూ వీళ్లు పాడారు.

వీళ్ల వాయింపు వేరు. గిటారుతో తీగలు సాగదీసి మైమరపించడం లేదు. టక్కున కొట్టి టక్కున ఆపేస్తాడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ వదులుతాడు. డప్పు కొట్టేవాళ్లకు ఆ ఖాళీ విలువ చెప్పనక్కర్లేదు. కింద నడిచే తాళం మాత్రం నల్లవాళ్ల ఫంక్ నుంచి, రెగె నుంచి తీసుకున్నది. పాటల్లో సంగతులేమిటి? ప్రేమను కూడా సరుకు చేసిన బజారు. చరిత్రను గొప్పోళ్లే నడిపారనే బడి పాఠం మీద ఎదురు ప్రశ్న. ఉత్తర ఐర్లండు జైళ్లలో ఖైదీల మీద సాగిన హింస.

1979లో వీళ్ల పాట ఒకటి జనంలోకి పోతుంటే బి.బి.సి. టీవీ పిలిచింది. దేశమంతా చూసే కార్యక్రమం. అయితే ఆ పాటలో నిరోధ్‌కు వాడే మాట ఒకటుంది. అది తీసేసి వేరే మాట పెట్టమన్నారు. బేరం కుదరక వీళ్లు లేచి బయటకొచ్చారు. 1982లో ఫాక్‌లాండ్ యుద్ధం జరుగుతున్నప్పుడు, సైనికుడి యూనిఫాం మీద వీళ్ల పాటను బి.బి.సి. రేడియో వెయ్యకుండా ఆపేసింది. అంటే వెన్నెముక ఉన్నవాళ్లే.

ఇంత తెలిసినవాళ్లు తమ మొదటి పెద్ద రికార్డు ఎవరికిచ్చారు? ఇ.ఎం.ఐ. అనే మహా కంపెనీకి! మన పెద్దోళ్లకు కుక్క బొమ్మ హెచ్.ఎం.వి. రికార్డులు గుర్తుంటాయి. ఆ రికార్డులు చేసిన గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా 1980ల నడుమ దాకా ఈ ఇ.ఎం.ఐ. చేతి కిందిదే.

1979లో వచ్చిన ఆ రికార్డు పేరు ఎంటర్‌టైన్‌మెంట్! అంటే వినోదం. ఎర్రటి అట్ట. దాని మీద ఒక అమెరికా ఆదివాసీ, ఒక తెల్ల కౌబాయ్ చేతులు కలుపుతున్న బొమ్మ మూడుసార్లు వేశారు. పక్కన రాసిన మాటల సారం ఇది: ఆదివాసీ వీడు నా స్నేహితుడే అనుకుని నవ్వుతున్నాడు, తెల్లోడు వీడు మోసపోయాడని నవ్వుతున్నాడు, ఇక దోచుకోవడమే తరువాయి. కంపెనీ అచ్చేసిన అట్ట మీదే ఈ బొమ్మ! అదే కంపెనీతో తామూ చెయ్యి కలిపిన సంగతి వాళ్లకు తెలియదా? తెలుసు. పాట నలుగురికీ చేరాలంటే దుకాణం కావాలి కదా అనుకున్నారు. ఆ వాదన ఉత్తది కాదు. కంపెనీ లేకపోతే ఆ పాటలు అంతమందికి చేరేవీ కావు.

ఇక పద్దు సంగతికొద్దాం. రికార్డు కంపెనీ ముందు అడ్వాన్సు ఇస్తుంది. అది కానుక కాదు, జీతం కాదు, బాకీ. ఒక లెక్క ఊరికే అనుకోండి. అడ్వాన్సు 1 లక్ష. స్టూడియో ఖర్చు ఇంకో లక్ష. ఈ 2 లక్షలూ పాటగాళ్ల ఖాతాలో రాస్తారు. 100 రూపాయల రికార్డు అమ్మితే పాటగాళ్ల వాటా 10 రూపాయలు. దుకాణానికి, అచ్చుకు, రవాణాకు పోను కంపెనీకి 30 మిగిలిందనుకోండి. పాటగాళ్ల బాకీ ఆ 10 రూపాయల్లోంచే తీరాలి. అంటే 20,000 రికార్డులు అమ్ముడుపోవాలి. అప్పటికి కంపెనీకి మిగిలింది 6 లక్షలు, పైగా పాటగాళ్ల బాకీ కింద పట్టుకున్న 2 లక్షలు. పాటగాళ్లు మాత్రం అప్పుడే సున్నా దగ్గరకొచ్చారు. ఇంతలో రెండో రికార్డు. మళ్లీ అడ్వాన్సు. మళ్లీ బాకీ.

ఈ లెక్క మీకు తెలియదా? ఉగాదికి కుదిరిన పాలేరు మళ్లీ ఉగాదికి ఇంకా బాకీ ఉన్నట్టు ఆసామి చిట్టా చూపించేది. పిల్ల పెళ్లికి తీసుకున్నది, జబ్బుకు తీసుకున్నది, గింజలకు తీసుకున్నది. చిట్టా రాసేది ఆయనే, చదివేదీ ఆయనే. వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. లండన్లో అద్దాల మేడలో కూర్చున్నా చిట్టా మాత్రం అదే. ఒకమాట ఒప్పుకోవాలి. ఆ నలుగురినీ ఎవడూ చెట్టుకు కట్టి కొట్టలేదు, బావి దగ్గరకు రావద్దనలేదు. మన బాధ, వాళ్ల బాధ ఒకటేనని నేననను. పద్దు రాసే పద్ధతి ఒకటే అంటున్నాను.

ఇందులో ఇంకో మెలిక ఉంది. బ్యాంకు అప్పు తీరితే ఇల్లు మనదవుతుంది. రికార్డు ఒప్పందాల్లో మామూలుగా బాకీ తీరినా టేపు కంపెనీదే. ఆ టేపులోంచి ఏరిన పాటలతో ఎప్పుడైనా కొత్త సరుకు తయారుచేసుకోవచ్చు. మంచి పాటల సంకలనం అనేది ఇట్లాగే పుడుతుంది. కొత్త స్టూడియో ఖర్చు లేదు. పాత పంటను కొత్త సంచిలో పోసి అమ్మడమే. 1990లో గ్యాంగ్ ఆఫ్ ఫోర్ పాత పాటలను అట్లాగే ఏరి ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ ద ట్వెంటియత్ సెంచరీ అనే పేరుతో వేశారు.

తర్వాత ఏమైంది? 1984 నాటికి బృందం చెదిరిపోయింది. ఇరవై ఏళ్లు గడిచాక కొత్త తరం కుర్రాళ్లు ఆ పాత రికార్డులు విని, ఆ వాయింపు ఎత్తుకుని పేరు తెచ్చుకున్నారు. పాత పాటలకు మళ్లీ గిరాకీ వచ్చింది. మొదటి నలుగురూ మళ్లీ కలిశారు. ఇప్పుడొక సంకలనం వేస్తే అమ్ముడుపోతుంది. పాత టేపులతో వేస్తే డబ్బు ఎవరికి? కంపెనీకి. వీళ్లు చెప్పింది ఏమంటే, ఇ.ఎం.ఐ. రికార్డుల అమ్మకాల మీద తమకు ఎన్నడూ డబ్బు రాలేదు, ఇన్నేళ్లయినా ఖాతాలో బాకీ అట్లాగే ఉంది అని.

అప్పుడు వాళ్లు చేసిన పని చూడండి. టేపు అడుక్కోలేదు. కోర్టు చుట్టూ తిరగలేదు. స్టూడియోకి పోయి తమ పాటలను తామే మళ్లీ పాడి, మళ్లీ వాయించి, 2005లో వేరే కంపెనీ ద్వారా విడుదల చేశారు. పేరు రిటర్న్ ద గిఫ్ట్. ఇచ్చిన కానుక తిరిగిచ్చెయ్ అని అర్థం. 1979 రికార్డులోని ఒక పాట పేరే అది. పేరుకు సంకలనమే. లోపల మాత్రం పాత టేపు ఒక్కటీ లేదు.

ఇది ఎట్లా కుదిరింది? ఇక్కడ బాగా వినండి. ఒక పాటలో రెండు ఆస్తులుంటాయి. మాట, బాణీ కట్టినవాళ్లది ఒకటి. ఒకరోజు ఒక గదిలో పాడగా పట్టిన శబ్దం, అంటే టేపు, రెండోది. కంపెనీ చేతిలో ఉన్నది ఆ టేపు. మళ్లీ పాడితే పుట్టేది కొత్త టేపు. అందుకే చాలా ఒప్పందాల్లో ఇన్నేళ్ల దాకా ఇదే పాట మళ్లీ రికార్డు చెయ్యకూడదని ఒక షరతు పెడతారు. ఆ గడువు దాటితే దారి తెరుచుకున్నట్టే. 2021 నుంచి అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ తన పాత ఆల్బమ్‌లను మళ్లీ పాడిందంటే అదే దారిన పోయింది.

నష్టం లేదా? ఉంది. పాతికేళ్ల తర్వాత గొంతు ఆ గొంతు కాదు. కోపం ఆ వయసు కోపం కాదు. పాతవే పదునుగా ఉన్నాయన్న శ్రోతలు చాలామంది. నేనూ కాదనను. చేజారిన టేపులోని ఆ రోజు మళ్లీ రాదు. కాబట్టి మళ్లీ పాడుకోవడం రెండో మందు. సంతకం పెట్టకముందు చూసుకోవడం మొదటి మందు.

ఆండీ గిల్ 2020లో చనిపోయాడు. డేవ్ అలెన్ 2025లో పోయాడు. ఇ.ఎం.ఐ. కూడా 2012లో ముక్కలై అమ్ముడుపోయింది. మనుషులు పోయారు, కంపెనీ పోయింది, టేపులు మాత్రం చేతులు మారుతూ ఎవరో ఒకరికి డబ్బు తెస్తూనే ఉంటాయి.

ఇప్పుడు మన సంగతి. మన పాట పట్నంలో క్యాసెట్ అయినప్పుడు మనకేం దక్కింది? పోను రాను బస్సు చార్జీ, ఒకపూట అన్నం, పది క్యాసెట్లు. మీలో ఎంతమందికి ఈ అనుభవం ఉందో మీకే తెలుసు. అట్ట మీద రాసినోడి పేరుండదు, జానపదం అని వేస్తారు. క్యాసెట్ పోయి యూట్యూబ్ వచ్చింది. మన పాటను మనమే ఎక్కిస్తే, ఈ రికార్డు మాదని ఇంకెవడో అడ్డం పడే రోజులొచ్చాయి.

చట్టం మన పక్కన కొంత ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాట కట్టిన రోజే అది కట్టినోడిది. రిజిస్టరు చెయ్యకపోయినా హక్కు పోదు. 2012లో ఆ చట్టాన్ని సవరించారు. రికార్డయిన పాటను వాడుకుంటే వచ్చే రాయల్టీలో మాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు సమాన వాటా ఉంది. ఆ వాటాను వారసులకో, రచయితల కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసిచ్చినా చెల్లదు. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు కూడా వ్యాపార వాడకంలో వాటా ఇవ్వాలని అదే సవరణ చెప్పింది. అయితే చట్టం తనంతట తాను నడిచి మన గూడేనికి రాదు.

అందుకని దళంలో ప్రతి ఒక్కరూ ఈ నాలుగు పనులు చెయ్యండి. పాట కట్టిన రోజే నోటుబుక్కులో తేదీ వెయ్యండి. మాట ఎవరిది, బాణీ ఎవరిది, డప్పు ఎవరిదో పేర్లు రాసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించండి. రికార్డింగుకు పిలిస్తే మూడు ప్రశ్నలు అడగండి: టేపు ఎవరిది, ఎన్నేళ్లు, మళ్లీ పాడుకునే హక్కు మాకుందా? ఇచ్చిన డబ్బు బహుమానమా, బాకీయా కాగితం మీద రాయించుకోండి. చదువురాని పాటగాడి చేత వేలిముద్ర వేయించే ముందు చదువొచ్చినోడు ఆ కాగితం బిగ్గరగా చదివి వినిపించాలి. అర్థం కాని కాగితం మీద వేలు పెట్టొద్దు. రేపు తెల్లారి పాడొచ్చులే అని లేచి వచ్చెయ్యండి.

నోటుబుక్కులు తెచ్చారు కదా. మధ్యాహ్నం కూర్చుని మొదటి పేజీ రాసుకుందాం.