డిఫెన్స్ కంపెనీకి ఎన్ని పేర్లు ఉండాలి?

ఒకే కంపెనీ హెలికాప్టర్లు, రాడార్లు, ఫిరంగులు చేస్తుంటే అన్నిటికీ ఒకటే పేరు పెట్టాలా, దేని పేరు దానికే ఉంచాలా? ఈ లెక్కనే బ్రాండ్ ఆర్కిటెక్చర్ అంటారు.

ఇటలీలో ఫిన్‌మెకానికా ఉండేది. దాని కింద అగస్టావెస్ట్‌ల్యాండ్, సెలెక్స్, ఓటో మెలారా... ఎవరి బోర్డు వాళ్లది. 2016లో అన్నిటినీ కలిపేశారు. 2017 నుంచి మొత్తానికీ ఒకటే పేరు, లియొనార్డో.

అమెరికాలో ఇంకో దారి. రేథియాన్ టెక్నాలజీస్ 2023లో ఆర్‌టీఎక్స్ అయింది. కానీ కింద ఉన్న ప్రాట్ అండ్ విట్నీ పేరు మాత్రం ముట్టుకోలేదు. ఎందుకంటే 1925 నుంచి వస్తున్న పేరది. ఎఫ్-35 ఫైటర్ ఇంజిన్ వాళ్లదే, మనం ఎక్కే కొన్ని ఎ320నియోల ఇంజినూ వాళ్లదే.

నేను మొదట్లో ఇదంతా లోగోల గొడవే అనుకున్నా. కాదు. యుద్ధ సామగ్రి కొంటే దశాబ్దాలు వాడతారు. ఇరవై ఏళ్ల తర్వాత స్పేర్ పార్టు కావాలంటే ఎవర్ని అడగాలో కొన్నవాళ్లకి తెలియాలి. అందుకే పేరు మార్చేముందు అడగాల్సింది ఒక్కటే: కొనేవాడు ఏ పేరుని నమ్మి కొంటున్నాడు?

మన మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ 2021 అక్టోబర్‌లో ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందకి వచ్చింది. ఇప్పుడు బయటి దేశాలకి అమ్మాలంటే ఏ పేరు ముందు పెట్టాలి? మీరైతే ఏం చేస్తారో ఆలోచించండి.