సమాధి పేరిట వెలసిన ఊరు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



విదేశములలో నేను చూచిన విశేషములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆదేశించిరి. లండను నగరమును గూర్చి చెప్పగలవారు మనకు చాలమంది కలరు. కావున నేను మహానగరములను విడిచి, మన ఊరికంటె చిన్నదైన ఒక పల్లెను గూర్చి మనవి చేయుదును.

ఆ ఊరి పేరు బెద్‌గెలెర్ట్. బ్రిటను దీవిలో ఇంగ్లండునకు పడమరగా వేల్సు అను చిన్న దేశము కలదు. ఆ దేశపు వాయవ్య భాగమున, కొండల నడుమ, గ్లాస్‌లిన్, కోల్విన్ అను రెండు చిన్న నదులు కలియుచోట ఈ పల్లె ఉన్నది. జనసంఖ్య సుమారు ఐదువందలు. నల్లని రాతి గోడలు, పలకరాతి కప్పులు, నదిపై పాత రాతి వంతెన, కొన్ని బస గృహములు, పూర్వము క్రైస్తవ సన్న్యాసుల మఠముగా నుండిన ఒక చర్చి, ఇంతే ఊరు. వెల్షు భాషలో 'బెద్' అనగా సమాధి. గెలెర్ట్ సమాధి అని ఊరి పేరునకు అర్థము.

ఉద్యోగరీత్యా ఇంగ్లండులో నున్నప్పుడు నేనొక సెలవునకు మూడు దినములు అచ్చట గడిపితిని. ఇంత చిన్న ఊరిలో మూడు దినములు ఏమి చూచితివని మీరడుగవచ్చును.

మొదటి దినము నది వెంబడి నడచితిని. ఊరికి దిగువను గ్లాస్‌లిన్ నది ఇరుకైన కొండ సందులో దూకుచు పోవును. ఆ ఒడ్డుననే జాలరుల బాట అను కాలిబాట కలదు. కొన్ని చోట్ల బండను పట్టుకొని ఒక్కొక్క అడుగే వేయవలెను. దానికి ప్రక్కగానే చిన్న రైలు కొండను తొలిచిన సొరంగములలో దూరిపోవును. ఆ రైలు మార్గము 1923లో పూర్తియై, ఆదాయము చాలక 1937 నాటికి మూతపడెను. తరువాత పట్టాలను పెరికివేసిరి. రైలనిన ప్రేమగల సామాన్యులు అనేకులు ఏండ్ల తరబడి శ్రమదానము చేసి, చందాలు ప్రోగుచేసి, దానిని మరల నిలువబెట్టిరి. 2011 నుండి కేర్నార్వన్ మొదలు పోర్త్‌మడోగ్ వరకు నలుబది కిలోమీటర్ల దారిలో పొగబండి నడచుచున్నది. చందాలతో బ్రతికిన మన గ్రంథాలయమును ఎరిగినవారికి ఈ మాట వింతగా తోచదు.

రెండవ దినము సిగున్ రాగిగని చూచితిని. 1903లో మూతపడిన ఆ గనిని 1986లో సందర్శకులకు తెరచిరి. తలకు టోపీ ధరించి లోనికి పోయినచో, మైనపు వత్తుల వెలుతురులో రాతిని తొలిచిన కూలివాండ్ర కష్టము కనులకు కట్టును. దానికి ఎగువను దినాస్ ఎమ్రిస్ అను గుట్ట కలదు. వోర్టిజర్న్ అను రాజు అచ్చట కోట కట్టబోగా పగలు కట్టినది రాత్రి కూలిపోవుచుండెనట. నేలలోని మడుగులో ఎర్రని సర్పరాక్షసి యొకటి, తెల్లనిది యొకటి పోరాడుటయే కారణమని ఒక బాలుడు చెప్పెనట. ఆ ఎర్రని సర్పరాక్షసియే నేడు వేల్సు పతాకముపై ఉన్నది.

మూడవ దినము కొండ దారి పట్టితిని. వేల్సులో ఎత్తైన శిఖరము 1,085 మీటర్లు. ఆంగ్లేయులు దానిని స్నోడన్ అందురు. వెల్షు వారికది 'ఎర్ విద్వ', అనగా సమాధి దిబ్బ. దానిపైకి పోవు వాట్కిన్ బాటను 1892లో ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ తన ఎనుబది రెండవ ఏట ప్రారంభించి, ఒక బండపై నిలిచి ప్రసంగించెను. ఆ బండకు నేటికిని ఆయన పేరే. 1953లో ఎవరెస్టు నెక్కిన బృందము వారు ముందుగా సాధన చేసినదియు ఈ కొండలలోనే. 1951లో ప్రభుత్వము ఈ ప్రాంతమునంతటిని జాతీయోద్యానముగా ప్రకటించెను.

ఇక ఊరికి పేరు తెచ్చిన సమాధి సంగతి. నది ఒడ్డున పచ్చిక బయలులో, చెట్టు నీడన, పలకరాళ్లు నిలిపిన చిన్న సమాధి ఉన్నది. రాళ్లపై వెల్షు భాషలో నొకట, ఆంగ్లమున నొకట కథ చెక్కియున్నది. పదమూడవ శతాబ్దమున లెవెలిన్ అను రాజునకు గెలెర్ట్ అను వేటకుక్క ఉండెనట. ఒకనాడు రాజు దానిని విడిచి వేటకు పోయి, తిరిగి వచ్చుసరికి అది నెత్తురు మూతితో తోక యాడించుచు ఎదురు వచ్చెను. ఉయ్యెల తలక్రిందులై యుండెను, బిడ్డ కానరాలేదు. రాజు కత్తి దూసి కుక్కను పొడిచెను. దాని చావుకేకకు ఉయ్యెల క్రిందినుండి పసివాని ఏడుపు వినవచ్చెను. ప్రక్కనే చచ్చిన తోడేలు పడియుండెను. ఆ దినము మొదలు రాజు నవ్వి ఎరుగడట.

సభలో పిల్లలు అప్పుడే గుసగుసలాడుచున్నారు. ఔను, మీరు కనిపెట్టినదే. ఇది మన బ్రాహ్మణుడు, ముంగిస కథ. తోడేలునకు బదులు పాము. కత్తికి బదులు నీళ్ల కడవ. ఇరువది అయిదేండ్ల క్రిందట, ఈ గ్రంథాలయము తెరచిన క్రొత్తలో, పంచతంత్రపు పుస్తకము తెరచి నేనీ కథ చదివితిని. చదివి ఏడ్చితిని. వేలకొలది మైళ్ల దూరమున, ఆ సమాధి ముందర, మరల కన్నులు చెమర్చినవి.

నిజానిజములు తరువాత తెలిసినవి. మన కథ ఆరవ శతాబ్దమున పారశీక దేశమునకు పోయెను. ఎనిమిదవ శతాబ్దమున అరబ్బీలోనికి, తరువాత హీబ్రూ, లాటిను భాషలలోనికి నడచెను. ఐరోపాలో ఏడుగురు జ్ఞానుల కథలలో ముంగిస కుక్కగా మారెను. ఆ కథలు వెల్షు భాషలోనికిని వచ్చినవి. ఊరి పేరులోని గెలెర్ట్ కుక్క కాదనియు, పూర్వకాలపు సాధు పురుషుడై యుండుననియు పండితుల యభిప్రాయము. పదునెనిమిదవ శతాబ్దాంతమున ఆ ఊరిలో హోటలు నడపిన డేవిడ్ ప్రిచర్డ్ అను నాతడు, బాటసారులు రావలెనను కోరికతో, కథను కుక్కకు ముడివేసి సమాధి కట్టించెనని చెప్పుదురు. 1892లో జోసెఫ్ జేకబ్సు అను పండితుడు తన కథల సంపుటములో ఈ కథ మూలము భారతదేశమని చూపించెను.

అయినచో అది మోసమా? నేను బస చేసిన ఇంటి యజమానురాలిని ఈ మాటయే అడిగితిని. ఆమె నవ్వి, తమ ఊరివారు ఈ సంగతిని దాచరనియు, వచ్చినవారికి కథయు చెప్పుదురు, కథ పుట్టుకయు చెప్పుదురనియు పలికెను. పిదప నన్ను తిరిగి అడిగెను: "మీ ఊరి పేరునకు అర్థమేమి?"

సోదరులారా, నేను సమాధానము చెప్పలేకపోతిని. మా నాయనమ్మ చిన్ననాడు ఏదో చెప్పెను. చెరువు గట్టు, ఒక గొల్లపిల్ల, ఒక ఎద్దు, ఇంతవరకే జ్ఞాపకము. ఆమె పోయి పదునైదేండ్లు. ఎవరును వ్రాసి యుంచలేదు. సముద్రములు దాటి మన కథను గుర్తించినవాడను, మన ఊరి కథను పోగొట్టుకొంటిని.

ఆ పల్లెకును కష్టములు లేకపోలేదు. అందము చూచి వచ్చినవారే సెలవు దినముల కొరకు ఇండ్లు కొనుటచే ధరలు పెరిగి, ఆ ప్రాంతపు యువకులకు సొంత ఊరిలో ఇల్లు దుర్లభమగుచున్నది. 2021 జనాభా లెక్కల ప్రకారము వేల్సు మొత్తమున వెల్షు భాష మాటలాడువారు నూటికి పదునెనిమిది మందియే. ఆ జిల్లాలో మాత్రము నూటికి అరువది నలుగురు. భాష నిలిచిన చోటనే పేర్లు నిలుచును. 2022లో జాతీయోద్యానము వారు ఆంగ్ల నామములను విడిచి, ఎరరి, ఎర్ విద్వ అను స్వభాషా నామములనే వాడుటకు నిశ్చయించిరి.

కావున ఈ రజతోత్సవ సభలో నాది ఒక్కటే విన్నపము. మన గ్రంథాలయమునందు ఒక పెద్ద దస్త్రము నుంచుదము. చెరువునకు, గట్టునకు, గుడికి, చేనికి ఆ పేర్లెట్లు వచ్చెనో ఊరిలోని అవ్వలను, తాతలను అడిగి, మన పిల్లలే వ్రాయవలెను. చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ వేయవలెను. విన్నది విన్నట్లు వ్రాసి, ఋజువున్న చోట ఋజువు చూపవలెను. లేనిచో కథ యని స్పష్టముగా చెప్పవలెను. దానికి కావలసిన కాగితములు, కలములు నేడే కార్యదర్శిగారికి అందజేసితిని. గొల్లపిల్ల కథ ఎరిగినవారు ఈ సభలో నొక్కరున్నను, మొదటి పుట వారిదే.